రంగు చివరి పని

శ్రోతలకు నమస్కారం.

నాచారం, కుషాయిగూడ, బోడుప్పల్ వైపు పాత ఇళ్ల ఆవరణల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఒక పికప్ బండి కనబడుతుంది. ఒకప్పుడు పాల క్యాన్లో, నర్సరీ మొక్కలో మోసి ఇల్లు గడిపిన బండే. ఇప్పుడు టైర్లలో గాలి ఉండదు, తొట్టి నిండా ఎండుటాకులు. అమ్మితే తుక్కు ధర తప్ప రాదు. నాన్న నడిపిన బండి కదా, అమ్మడానికి మనసొప్పదు. అలాంటి ఇంట్లో ఏదో ఒక పండగ సెలవుకి ఎవరో ఒకరు పానా చేతపట్టి, "మనమే బాగుచేసుకుందాం" అంటారు.

మంచి ఆలోచనే. అయితే ఇలా మొదలైన పనులు ఎక్కడ ఆగిపోతాయో కూడా చెప్పాలి. మొదటి ఆదివారం ఉత్సాహం కొద్దీ తలుపులు, బానెట్, సీట్లు, డ్యాష్‌బోర్డు అన్నీ విప్పేస్తారు. నట్లూ బోల్టులూ ఒకే బకెట్లో పడతాయి. నెల తిరిగేసరికి ఏ బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. అప్పటిదాకా తోస్తే కదిలే బండి ఇక తోసినా కదలదు. అందుకే నేననేది, మొదటి వారం ఏమీ విప్పకండి. చూడండి, ఫోన్లో ఫొటోలు తీయండి, కాగితాలు వెతకండి.

కాగితాలంటే ముందు ఆర్‌సీ. పికప్ మనకు ముచ్చటైన పాత బండి కావచ్చు, ఆర్‌టీఏ లెక్కలో మాత్రం సాధారణంగా అది గూడ్స్ బండి. గూడ్స్ బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే కింది ఇనుప చట్రం, దాని మీద నంబరు ఉన్నచోట కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అచ్చు పడిన నంబరూ, ఆర్‌సీలో నంబరూ ఒకటేనా కాదా చూసుకోండి. పాత ఫైనాన్స్ అప్పు ఆర్‌సీలో ఇంకా అలాగే ఉందేమో కూడా చూడండి. అప్పు తీరి ఇరవై ఏళ్లయినా, ఆ ఎంట్రీ కొట్టేయించకపోతే రేపు పేరు మార్చేటప్పుడు అదొక టెన్షన్.

"పాతది కదా, వింటేజ్ కింద రిజిస్టర్ చేయించేద్దాం" అనేవాళ్లుంటారు. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లకు. 1985 నాటి బండికి 2035 దాకా ఆ మాటే లేదు. పైగా వింటేజ్ నంబరు వచ్చిన బండిని రోజూ తిప్పడానికీ, కిరాయికీ వీల్లేదు. కూరగాయలు వేసుకుని మోండా మార్కెట్ నుంచి ఇంటికి రావాలనుకునేవాళ్లకు అది పనికిరాదు.

ఇక బండి సంగతి. మన దగ్గర దొరికే పాత పికప్‌లలో ఎక్కువగా కనబడేవి మహీంద్రావి, టాటావి. మహీంద్రా వాళ్లు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టారు. వాళ్ల పాత పికప్‌లు ఆ జీపు వంశంలోవే, అందుకే జీపు సామాన్లు వాటికి చాలావరకు సరిపోతాయి. తర్వాత వచ్చిన 2112 సీసీ ప్యుజో డీజిల్ ఇంజను తెలిసిన మెకానిక్‌లు ఇప్పటికీ దొరుకుతారు. టాటామొబైల్ 1988లో వచ్చింది. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు తయారుచేసింది. ఫ్రిజ్‌లూ, గడియారాలూ చేసిన ఆ ఆల్విన్నే. అలాంటి బండి ఎవరింట్లోనైనా ఉంటే సామాన్ల కోసం తిరగాల్సింది ఎక్కువే, అయినా తుక్కు చేయకండి అని బతిమాలతాను.

తుప్పు విషయంలో మనం కొంత అదృష్టవంతులం. దక్కన్ పొడి గాలిలో ఇనుమును తుప్పు నిదానంగా తింటుంది. అదే బండి కాకినాడలోనో విశాఖలోనో ఉండుంటే ఉప్పుగాలికి ఈపాటికి తలుపులు మిగిలేవి కావు. అయితే మట్టి, ఆకులు పేరుకున్నచోట ఇక్కడైనా తప్పదు. తలుపుల అడుగుభాగం, రబ్బరు మ్యాటు కింద క్యాబిన్ నేల, క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందు, కమాను పట్టీలు ఛాసిస్‌ని పట్టుకునే చోటు, ఇవి చూడండి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి తెచ్చి బాడీ మీద జరుపుతూ పోండి. అది అంటుకోనిచోట రేకు లేదు, పుట్టీ ఉంది. ఛాసిస్‌ని చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తినేసినచోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ దిగబడితే మాత్రం, డబ్బు పెట్టేముందు మంచి వెల్డర్‌ని పిలిచి అడగాల్సిందే.

ఇదంతా అపార్ట్‌మెంట్ సెల్లార్లో మాత్రం వద్దు. పొగ, ఇంధనం వాసన, అసోసియేషన్ గొడవ. సొంత ఇంటి పోర్టికో ఉంటేనే ఈ ముచ్చట. జాకీ మీద లేపిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. ఇనుప స్టాండ్లు కొనండి. మనవాళ్లు సిమెంటు ఇటుకలు పేర్చి పడుకుంటారు, అవి చెప్పాపెట్టకుండా పొడైపోతాయి.

మా బావమరిది ఇంట్లో ఇలాంటి బండికే మెకానిక్ వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, "క్యాబిన్ లేపేద్దాం సార్, పది రోజుల్లో కొత్త బండి చేసిస్తా" అన్నాడు. బావమరిది నా వైపు చూసి, "ఏమంటావు బావా?" అన్నాడు. "రంగు సంగతి తర్వాత చూద్దాం అన్నా, ముందు బ్రేకు పట్టించు" అని మెకానిక్‌తో అన్నాను. మెకానిక్‌కి అంతగా నచ్చలేదు. కంటికి కనబడే పని డెంటింగ్, పెయింటింగే కదా, ఆయన లెక్క ఆయనది. కానీ బ్రేకులు పట్టాయంటే బండిని వెనక్కీ ముందుకీ జరుపుకోవచ్చు, లాక్కెళ్లొచ్చు, ఏ దశలో ఆపినా అది బండిగానే ఉంటుంది. నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములు ఒకేసారి కాకుండా ఒక్కో చక్రం విప్పండి. రెండోది విప్పకుండా ఉంచితే ఏ స్ప్రింగు ఎటు తగిలించాలో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. డ్రమ్ములోని దుమ్మును గాలికొట్టి ఊదకండి. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ము లోపల బ్రేకును తోసే వీల్ సిలిండర్ రబ్బరు వాషర్లను పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగే అలవాటు షెడ్డుల్లో ఉంది. ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

సామాన్లకు పుత్లీబౌలి, రాణీగంజ్ ఉండనే ఉన్నాయి, పెద్ద పనులకు ఆటోనగర్. పాత ముక్క చేత్తో పట్టుకెళ్లండి, నోటితో వర్ణిస్తే వేరేది అంటగడతారు. పానాలు, సుత్తులు ఆదివారం ఎర్రగడ్డ సంతలో బేరమాడి కొనుక్కోవచ్చు.

ఏళ్లతరబడి ఆగిపోయిన ఇంజనుకు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం అన్నిటికన్నా చేటు. డీజిల్ ఇంజనైతే హీటర్ ప్లగ్గులు, పెట్రోలుదైతే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి కొన్నాళ్లు నాననివ్వండి. తర్వాత గేరు తీసేసి పెద్ద పానాతో చేత్తో తిప్పండి. కదిలితే, ప్లగ్గులు ఇంకా పెట్టకుండానే కొన్ని చుట్లు తిప్పితే లోపలి ఆయిల్ బయటికి చిమ్మేస్తుంది. కదలకపోతే బలం పెట్టకండి, మళ్లీ నానబెట్టండి.

రేకు పని వానాకాలంలో పెట్టుకోకండి. గీకిన రేకు రెడ్ ఆక్సైడ్ పూత పడకుండా ఒక్క తడి రాత్రి ఉన్నా మళ్లీ ఎర్రబడుతుంది. దసరా దాటాక మొదలుపెడితే సంక్రాంతి దాకా పొడి రోజులు దొరుకుతాయి.

ఇంజను స్టార్ట్ చేసే రోజు పాత ట్యాంకు జోలికి పోవద్దు, దాని అడుగున బురద ఉంటుంది. చిన్న క్యానులో కొత్త డీజిల్ పోసి, పైపు నేరుగా ఫిల్టర్‌కి ఇవ్వండి. ఆయిల్, నీళ్లు చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ తీసి, గాలి లోపలికి పోయే నోటికి సరిపడే చెక్క ముక్క ఒకటి పక్కన ఉంచుకోండి. డీజిల్ పంపు పట్టేసిన పాత ఇంజను ఒక్కోసారి స్విచ్ కట్టేసినా ఆగదు, వేగం పెంచుకుంటూ పోతుంది. అప్పుడు చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ చెక్కతో నోరు మూసేయండి, గాలి అందక ఆగిపోతుంది.

నమస్కారం.