పంప్‌కిన్ ప్యాచ్‌లో మంచి గుమ్మడికాయ ఎంచుకోవాలంటే ముందు తొడిమ చూడండి

నమస్తే అండీ. మేమిప్పుడు కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బేలో ఉన్నాం. నా వెనకాల నారింజ రంగులో కనిపిస్తున్నదే పంప్‌కిన్ ప్యాచ్, అంటే మనమే వెళ్ళి కాయ ఎంచుకుని కొనుక్కునే గుమ్మడికాయల పొలం. అక్టోబర్ వచ్చిందంటే చాలు, శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న ఈ బే ఏరియాలో పిల్లలున్న ఇళ్ళలో "ఎప్పుడు వెళ్తున్నాం?" అన్న పాట మొదలవుతుంది. వస్తాం, ఫోటోలు దిగుతాం. కాయ మాత్రం చేతికందింది పట్టుకుని వెళ్ళిపోతాం. అది అక్టోబర్ ఆఖరి రోజున వచ్చే హాలోవీన్ పండగ దాకా నిలవదు. అందుకే ఈరోజు కాయ ఎలా ఎంచుకోవాలో, ఇంటికి తెచ్చాక ఏం చేయాలో చూపిస్తాను.

ముందు దారి సంగతి. సన్నీవేల్ నుంచి వచ్చినా ఫ్రీమాంట్ నుంచి వచ్చినా మామూలుగా హైవే 92 ఎక్కాలి. కొండ మీద చాలాచోట్ల అటొక లేన్, ఇటొక లేన్, అంతే. శని, ఆదివారాల్లో పొద్దెక్కితే కార్లు కదలవు. తొమ్మిదికల్లా ఇక్కడ ఉండేలా బయల్దేరండి. అక్టోబర్ మధ్యలో ఆర్ట్ అండ్ పంప్‌కిన్ ఫెస్టివల్ జరిగే రెండు రోజులూ, పొలం కోసమే వచ్చేవాళ్ళు ఈ వైపు రాకపోవడమే మంచిది. 1971లో మొదలైన పండగ అది. దానికి ముందు సోమవారం పెద్ద గుమ్మడికాయలకు తూకం పోటీ ఉంటుంది. 2023లో మిన్నెసోటా నుంచి ఒక హార్టికల్చర్ టీచర్ తెచ్చిన కాయ 2,749 పౌండ్లు తూగింది. మన లెక్కలో దాదాపు 1,247 కిలోలు! మా చిన్నాడు ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచి ప్రతి కాయనూ రెండు చేతులతో కొలుస్తున్నాడు.

శాన్ హోసేలో ఎండ కాస్తున్నా ఇక్కడ సముద్రం మీద నుంచి పొగమంచు కమ్మి చలేస్తుంది. పిల్లలకి స్వెటర్లు, మట్టి అంటినా పర్వాలేదనుకునే బూట్లు వేయండి.

ఇక కాయ దగ్గరికి వద్దాం. ఏమండీ, కెమెరా కొంచెం కిందికి పెట్టండి. ఆ, అలాగే.

ఇదిగో, ఇది తొడిమ. పచ్చగా ఉంది, గట్టిగా ఉంది. వేలితో అటూ ఇటూ నెట్టినా కదలట్లేదు. ఇప్పుడు తొడిమ కాయకి అతుక్కున్న చోట చుట్టూ మెల్లగా నొక్కండి. ఎక్కడా మెత్తగా తగలకూడదు, కుళ్ళు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. ఈ పక్క కాయ చూడండి. రంగు ఎంత బాగుందో! కానీ తొడిమ ఊడిపోయింది. ఆ గుంటలో తడి మెరుస్తోంది, కనిపిస్తోందా? ఇది వద్దు.

తర్వాత, కాయని కొంచెం పక్కకి వంచి అడుగు వైపు గోరు నొక్కండి. గాటు పడలేదంటే బాగా ముదిరిన కాయ. నేలకి ఆనిన చోట లేత పసుపు మచ్చ ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు, మెత్తబడకుండా ఉంటే చాలు.

తొడిమ పట్టుకుని కాయని ఎప్పుడూ ఎత్తకండి. మూడేళ్ళ క్రితం మా అమ్మాయి అలాగే ఎత్తింది. కారు దాకా రాకముందే పుటుక్కున విరిగింది. పర్లేదులే అని తెచ్చుకున్నాం. పది రోజులకి విరిగిన చోట నల్లబడి బూజు పట్టింది. హాలోవీన్ ముందు రోజు పొద్దున్నే చూస్తే మెట్టు మీద నీరు కారుతోంది. పిల్ల ఎంత ఏడ్చిందో. అప్పట్నుంచి మా ఇంట్లో అందరూ రెండు చేతులూ కాయ కింద పెట్టే ఎత్తుతారు.

ఇంకో ముఖ్యమైన విషయం. హాలోవీన్‌కి ముఖంలా చెక్కి లోపల దీపం పెట్టే కాయ వేరు, వండే కాయ వేరు. ఈ పెద్ద నారింజ కాయల్లో పీచు, నీరు ఎక్కువ, కూర చప్పగా ఉంటుంది. వంటకి లాంగ్ ఐలాండ్ చీజ్ అనే రకం అడగండి. బిస్కెట్ రంగులో, పైనుంచి అదిమినట్టు చదునుగా ఉంటుంది. తొడిమ కాయని కలిసే చోట గొడుగులా విచ్చుకుంది చూశారా? అది మోస్కాటా జాతి గుర్తు. మన ఊళ్ళలో పులుసు పెట్టుకునే తీపి గుమ్మడి ఎక్కువగా ఈ జాతిదే. చెక్కే కాయకైతే తొడిమ పలకలు పలకలుగా ఉంటుంది. చీజ్ పంప్‌కిన్ దొరక్కపోతే బటర్‌నట్ తీసుకోండి, అదీ మోస్కాటానే.

మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు వీధిలో గుమ్మాల ముందు ఈ కాయలు చూసి, "వీళ్ళూ దిష్టికి పెట్టుకుంటారా అమ్మా?" అని అడిగారు. దిష్టికి మనం కట్టేది బూడిద గుమ్మడికాయ కదా. ఇక్కడ ఇది కోతల కాలం, హాలోవీన్ సంబరం అని చెప్పాను. ఆ రాత్రి చీజ్ పంప్‌కిన్‌తో పులుసు పెడితే, ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇది మన కాయే" అన్నారు. ఆ మాటతో నాకు ఈ దేశంలో అక్టోబర్ మీద ఇష్టం రెట్టింపైంది.

ఇంటికొచ్చేశాం. కాయల మీద మట్టి తుడిచి, తడి లేకుండా ఆరబెట్టండి. కింద అట్టముక్క వేసి నీడలో పెట్టండి. కోయని కాయ చల్లని పొడి చోట ఒకట్రెండు నెలలు నిలుస్తుంది. చెక్కింది కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి హాలోవీన్‌కి రెండు రోజుల ముందు చెక్కండి, తొందరపడొద్దు.

ఇప్పుడు పులుసు. తొక్క తీయకుండా పెద్ద ముక్కలు కోశాను, ముక్క చితకదు. పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి ఉడకనివ్వండి. చింతపండు రసం ముందే పోయకండి, పులుపు తగిలితే ముక్క ఉడకడానికి చాలాసేపు పడుతుంది. మూడొంతులు ఉడికాక రసం, బెల్లం వేయండి. చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోయండి. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెట్టండి.

ఇదిగో, చాకు మొన గుచ్చితే సులువుగా దిగింది, ముక్క మాత్రం విడిపోలేదు. స్టవ్ ఆపేయండి.