మాజీ సైనికుల మాటలు రికార్డు చేసే ముందు

అందరికీ నమస్కారం. మాజీ సైనికుల దగ్గరికి విద్యార్థులను పంపేటప్పుడు ముందుగా ఆ విద్యార్థుల చేత ఒక పేజీ రాయించండి. తాము కలవబోయే సైనికుడు ఏ దళంలో, ఏ హోదాలో, ఏయే సంవత్సరాల్లో పనిచేశారు, ఎక్కడెక్కడ ఉన్నారు అన్నవి అందులో ఉండాలి. పక్కన ఆ చోట్లు చూపే పటం. ఇది లేకుండా వెళ్లినవాడు "యుద్ధం ఎలా ఉండేది సార్?" అంటాడు. "చాలా కష్టం బాబూ" అంటారాయన. ఇంకేముంది, అయిపోయింది! అదే "రాత్రి కాపలాకి వెళ్లేటప్పుడు వెంట ఏమేం ఉండేవి?" అని అడిగి చూడండి, తడి బూట్ల దగ్గర్నుంచి పక్క సైనికుడి దగ్గు దాకా చెబుతారు. అడిగాక నోరు మూసుకోవాలి. ఆయన ఆగింది ఆలోచించుకోవడానికే కావచ్చు, పది సెకన్లు ఓపిక పట్టాలి. "ఎంతమందిని చంపారు?" అన్న ప్రశ్న మాత్రం వద్దు.

రికార్డింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫ్యాను ఆపాలి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV, కుదించని ఆడియో) ఫైలు స్టీరియోలో గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది. దాన్ని వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నాణ్యత పోతుంది, కాపీ చేసుకోవాలి.

ఎక్కువ గొడవ తేదీలతోనే. "అది నవంబరు కాదు సార్, డిసెంబరు" అని మధ్యలో దిద్దారో, అక్కణ్ణుంచి ఆయన గుర్తున్నది మానేసి పుస్తకాల్లో ఉన్నది చెబుతారు. పైగా తప్పు తేదీకి కూడా ఒక అర్థం ఉండొచ్చు. ఇటలీలోని తెర్నిలో 1949లో పోలీసు కాల్పుల్లో ఒక కార్మికుడు చనిపోయాడు. తోటివాళ్లలో చాలామంది మాత్రం అది 1953లో, ఉద్యోగాలు పోయిన గొడవల్లో జరిగిందని చెప్పేవారు. తమ బతుకును తలకిందులు చేసిన ఏడాదికే ఆ చావును ముడిపెట్టుకున్నారన్నమాట. అందుకని రికార్డింగ్ విని రాసే ప్రతిలో సైనికుడి మాట ఆయనదే. డిశ్చార్జి పుస్తకంలోనో (సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) ఉత్తరాల్లోనో వేరే తేదీ కనబడితే అడుగున విడిగా రాయండి.

గంటసేపు రికార్డు చేసిన మాటను రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఊళ్ల పేర్లు, ఆయుధాల పేర్లు ఉంటే ఇంకా ఎక్కువే. రాశాక ముందు ఆయనకే చూపించాలి. అంగీకార పత్రంలో "ఈ భాగం ఫలానా సంవత్సరం దాకా బయటపెట్టవద్దు" అని రాసుకునే ఖాళీ గడి ఒకటి ఉంచండి. రికార్డింగ్‌కు ముందు చేసిన సంతకం చాలదు, ఏం చెప్పారో ఆయనకు తెలిసేది ముగిశాకే. అందుకే ముగిశాక రెండోసారి సంతకం అడగాలి.