ఓడ మీద సెమిస్టర్: సూట్‌కేసు కంటే ముందు పాస్‌పోర్టు

నమస్కారం. అమెరికాలో డిగ్రీ చదువుతున్న మన పిల్లల కోసం, వాళ్లను అంత దూరం పంపి ఇక్కడ ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. ఒక సెమిస్టర్ మొత్తాన్ని ఓడ మీద, సముద్రం మధ్య చదివి వచ్చే అవకాశం గురించి మాట్లాడుకుందాం. దాని పేరు 'సెమిస్టర్ ఎట్ సీ'. 1963 నుంచి ఏదో ఒక రూపంలో సాగుతున్న కార్యక్రమం ఇది. ఇప్పుడు చదువు బాధ్యత కొలరాడో స్టేట్ యూనివర్సిటీది, క్రెడిట్లు ఇచ్చేది కూడా అదే. ఓడ పేరు 'వరల్డ్ ఒడిస్సీ'. 1998లో జర్మనీలో తయారై, 'డాయిచ్‌లాండ్' అనే పేరుతో ప్రయాణికుల ఓడగా తిరిగింది. దాదాపు వంద రోజుల ప్రయాణం, పది దేశాల వరకు మజిలీలు. ఓడ నడుస్తున్న రోజుల్లో తరగతులు జరుగుతాయి, రేవులో ఆగిన రోజుల్లో ఉండవు. అయితే ప్రతి సబ్జెక్టుకూ ఏదో ఒక రేవులో ఒక రోజు బయటి పాఠం ఉంటుంది, దానికి తప్పకుండా హాజరు కావాలి.

ఈ ప్రయాణానికి ఏమేమి సర్దుకోవాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. చెప్పులు ఎన్ని జతలు, ఏ రకం బ్యాగు, గదిలో బట్టలు ఎలా తగిలించుకోవాలి, అన్నీ చెబుతారు. కానీ వాటిలో ఎక్కువ భాగం అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమలాంటి వాళ్ల కోసం చేసినవి. మీ చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు అయితే, మీ సన్నాహాలు మీ పక్క గది మిత్రుడి కంటే నెలల ముందే మొదలవ్వాలి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఓడ అందరినీ ఒకే రేవుకు తీసుకువెళ్తుంది, కానీ అక్కడ దిగడానికి అందరికీ ఒకే కాగితం సరిపోదు.

ఉదాహరణకు మారిషస్ తీసుకోండి. పర్యాటకులుగా వెళ్లే మనవాళ్లకు ముందుగా వీసా అక్కర్లేదు. వియత్నాం 2023 ఆగస్టు నుంచి అన్ని దేశాలవాళ్లకూ ఇ-వీసా ఇస్తోంది. అయితే విమానాశ్రయంలో చెల్లే ఇ-వీసా ప్రతి ఓడరేవులోనూ చెల్లకపోవచ్చు, అందుకని మీ ఓడ ఆగే రేవు పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. దక్షిణాఫ్రికాకు, ఘనాకు ముందే వీసా తీసుకుని బయలుదేరాలి. ఇక యూరప్ విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ఓడ స్పెయిన్‌లో ఆగి, మొరాకో వెళ్లి, మళ్లీ జర్మనీకి వస్తుందనుకోండి. మొరాకోకు వెళ్లగానే మీరు షెంగెన్ ప్రాంతం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహం, దాటి బయటికి వచ్చినట్టే. ఒక్కసారి మాత్రమే ప్రవేశం ఇచ్చే వీసా అక్కడితో అయిపోయింది. కాబట్టి ఎక్కువసార్లు ప్రవేశానికి వీలున్న వీసానే అడగాలి. ఈ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, అది కూడా మీరు నివసిస్తున్న దేశంలోని కాన్సులేట్‌లో. దారి మధ్యలో ఏదో ఒక రేవులో దిగి తీసుకుందామనుకుంటే కుదరదు.

ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. వీసా ముద్ర వేసే ప్రతి కాన్సులేటూ మీ పాస్‌పోర్టును తన దగ్గర ఉంచుకుంటుంది. ఒకచోట అది ఉన్నన్ని రోజులూ రెండోచోట దరఖాస్తు కదలదు. పోనీ అన్నీ చాలా ముందుగా తెచ్చుకుందామంటే, కొన్ని వీసాల గడువు ఇచ్చిన రోజు నుంచే లెక్క. మీరు ఆ దేశం చేరేలోపే అది ముగిసిపోవచ్చు. అందుకని ఒక కాగితం మీద ప్రయాణ మార్గాన్ని చివరి రేవు నుంచి వెనక్కి రాయండి. ప్రతి దేశం పక్కనా మూడు విషయాలు ఉండాలి: అక్కడ దిగే తేదీ, వీసా గడువు ఎప్పటి నుంచి లెక్కిస్తారు, పాస్‌పోర్టు ఎన్ని రోజులు వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ కాగితం పూర్తయ్యేసరికి ఏ దరఖాస్తు ముందు, ఏది తర్వాత అన్నది దానంతట అదే తేలుతుంది. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు కూడా చూసుకోండి. మన దేశం 36 పేజీలదే కాక 60 పేజీల పాస్‌పోర్టు కూడా ఇస్తుంది. ఎలాగూ కొత్తది తీసుకోవలసి వస్తే 60 పేజీలదే అడగండి. ప్రయాణం ముగిశాక కూడా కనీసం ఆరు నెలలు చెల్లుబాటు ఉండేలా చూసుకోండి.

తిరుగు ప్రయాణం సంగతి ఇంకా ముఖ్యం. ఎఫ్-1 వీసా మీద చదువుతున్న విద్యార్థి అమెరికాలోకి మళ్లీ అడుగుపెట్టాలి కదా. మీ ఐ-20 మీద, అంటే మీరు అక్కడి విద్యార్థి అని యూనివర్సిటీ ఇచ్చే పత్రం మీద, యూనివర్సిటీ అధికారి చేసే ప్రయాణ సంతకం ఏడాది లోపుదై ఉండాలి. వీసా ముద్ర గడువు, మీరు ఓడ దిగి అమెరికా చేరే రోజు దాటి ఉండాలి. గడువు ముగిస్తే జర్మనీలో దిగి అక్కడి అమెరికా కాన్సులేట్‌కు వెళ్దామనే ఆలోచన వద్దు. స్వదేశంలో గానీ, నివసిస్తున్న దేశంలో గానీ దరఖాస్తు చేసుకోవాలని 2025 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. ఇక ఓడ మీద ఉన్న సెమిస్టర్‌లో మీ సొంత యూనివర్సిటీ రికార్డులో మీరు విద్యార్థిగా కొనసాగుతున్నారా లేదా అన్నది అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో రాతపూర్వకంగా తేల్చుకోండి. నోటిమాట సరిపోదు. తర్వాత ఉద్యోగ అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ఆరోగ్యానికి వస్తాను. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పసుపు పుస్తకం లేకుండా ఘనాలోకి రానివ్వరు. ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి వచ్చేవారిని భారత ప్రభుత్వం కూడా అడుగుతుంది. టీకా వేసిన పదో రోజు నుంచి ఆ పత్రం చెల్లుతుంది, 2016 నుంచి దాన్ని జీవితాంతం చెల్లేదిగా గుర్తిస్తున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకోవచ్చు. మలేరియా మాత్రలు ఆ ప్రాంతం దాటాక కూడా కొన్నాళ్లు వాడాలి. కొన్నింటికి వారం, కొన్నింటికి నాలుగు వారాలు. అందుకని మీకు ఏది సరిపోతుందో డాక్టరుతో మాట్లాడి, మొత్తం కోర్సు వెంట తీసుకువెళ్లండి.

సముద్రంలో కడుపు తిప్పడం గురించి భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. లోపలి చెవి కదలికను పసిగడుతుంది, ఎదురుగా ఉన్న గోడ మాత్రం కదలనట్టే కనబడుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే వికారం. పైకి వెళ్లి దూరంగా నీటి అంచును చూస్తే చాలామందికి తగ్గుతుంది. గది ఎంచుకునే వీలుంటే కింది అంతస్తులో, ఓడ మధ్య భాగంలో తీసుకోండి, ఊపు అక్కడ తక్కువ. మందు మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. నిద్ర తెప్పించే మందులు కాబట్టి ఇంటి దగ్గర ఉండగానే ఒకసారి వాడి చూడటం మంచిది.

సామాను గురించి రెండే మాటలు. ఎలక్ట్రిక్ కుక్కర్, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే పరికరాలు ఓడ మీద కుదరవు. నిప్పును మించిన ప్రమాదం సముద్రంలో లేదు. గదిలో ఆవకాయ సీసా పెట్టుకున్నా, దాన్ని రేవులో దింపకండి, తినే వస్తువుల విషయంలో చాలా దేశాల నిబంధనలు కఠినం. ఫోనును ఓడ ఎక్కగానే విమాన మోడ్‌లో పెట్టండి, ఓడల మీద పనిచేసే సెల్ నెట్‌వర్క్ బిల్లు చాలా ఎక్కువ. ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో లైఫ్‌జాకెట్లతో కసరత్తు జరుగుతుంది. ఏడు చిన్న కూతలు, ఒక పొడవు కూత వినగానే మీ చోటికి చేరాలి. దాన్ని మనసు పెట్టి చేయండి.

మరి చదువుకోవలసింది? నా దృష్టిలో, సర్దుకోవలసిన వాటన్నిటిలో గొప్పది ఇదే. ఈ సముద్ర మార్గంలో మనవాళ్లు చాలాకాలం క్రితమే వెళ్లారు, కాకపోతే విద్యార్థులుగా కాదు. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు భారతదేశం నుంచి కూలీలను ఒప్పందాల మీద తీసుకువెళ్లారు. వాళ్లలో గోదావరి, విశాఖ ప్రాంతాల తెలుగువాళ్లు ఉన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచీ ఓడలు ఎక్కారు. వాళ్లు మొదట అడుగుపెట్టిన చోటు, పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసి ఘాట్, 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. మీ ఓడ మారిషస్‌లో ఆగితే బీచ్‌కు వెళ్లేముందు అక్కడికి వెళ్లండి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దీవిలోనే. 1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. అందులోనూ తమిళులతో పాటు తెలుగువాళ్లు ఉన్నారు. ఇవి చదివి వెళ్లిన విద్యార్థి దక్షిణాఫ్రికాలో దిగినప్పుడు అడిగే ప్రశ్నలే వేరు. ఘనాలో ఎల్మినా కోట 1482లో పోర్చుగీసువాళ్లు కట్టింది, తర్వాత బానిసల వ్యాపారానికి నిలయమైంది. దాని గదుల్లో నిలబడినప్పుడు కూలీల ఓడలూ, బానిసల ఓడలూ ఒకటేనా, కాదా అన్న ప్రశ్న మీకు తప్పకుండా వస్తుంది. ఒకటి కావు. ఎందుకు కావో చెప్పగలిగేంత చదివి వెళ్లండి, మీ తరగతిలో ఆ మాట చెప్పవలసిన బాధ్యత మీకే ఎక్కువగా ఉంటుంది.

ఈ ఓడ చాలా ప్రయాణాల్లో కొచ్చిలో ఆగింది. అమ్మానాన్నలూ, మీ పిల్లల ప్రయాణంలోనూ అది ఉంటే, మీరు అక్కడికి వెళ్లి వాళ్లను కలుసుకోవచ్చు. కాకపోతే తేదీలు మారే అవకాశం ఉంది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఎన్నో ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. అందుకని మార్చుకునే వీలున్న టికెట్లే కొనండి. ఓడలోపలికి రావచ్చో లేదో ముందే రాసి అడగండి. ఆ రోజు బయటి పాఠం ఉందేమో పిల్లల్ని కనుక్కోండి. బయలుదేరే రోజు వాళ్లను ఓడ దగ్గరికి గంటలు ముందుగానే చేర్చండి. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని తర్వాతి రేవులో దిగనివ్వకుండా కొంతసేపు ఓడలోనే ఆపేస్తారు. పాస్‌పోర్టు, వీసాలు, ఐ-20, టీకా పుస్తకం, బీమా పత్రం ఒక్కొక్క నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఓడ మీద ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న రోజున ఆ నకళ్లు పంపవలసింది మీరే.