నాలుగో అంశం, ఎనిమిదో అంశం

సభకు నమస్కారం. కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధులు, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఒకే గదిలో కూర్చోవడం అరుదు. పిలిచినందుకు కృతజ్ఞతలు.

పురపాలక సంఘాల్లో రోడ్ల ఇంజనీరుగా నా ఉద్యోగ జీవితం గడిచింది. అంచనాలు వేయడం నా పని. కూడలి విస్తరణకు అంచనా రాసేటప్పుడు మొదటి వరుసల్లోనే ఒక పద్దు వస్తుంది: చెట్లు కొట్టి, మొద్దులు పెకలించి, తరలించడం. మాను చుట్టుకొలత 300 నుంచి 600 మిల్లీమీటర్లయితే ఒక రేటు, 600 దాటితే ఇంకొకటి, 1,800 దాటితే మరొకటి. ఒక జిల్లా కేంద్రంలో బస్టాండు చౌరస్తాను వెడల్పు చేసినప్పుడు పదకొండు నిద్రగన్నేరు చెట్లకు నేనే ఆ పద్దు కింద లెక్క కట్టాను. మరుసటి మే నెలలో అటు వెళ్తే, ఆ చెట్ల కింద ఎన్నో ఏళ్లుగా పండ్లు అమ్మిన ఆడవాళ్లు గోనెపట్టాలు నాలుగు కర్రలకు కట్టుకుని కూర్చున్నారు. బస్సు దిగిన వాళ్లు నిలబడటానికి చోటు లేక టికెట్ కౌంటర్ గోడ నీడలోకి ఒదిగి ఉన్నారు. మా అంచనాలో చెట్టుకు ఉన్న ఒకే ఒక స్థానం దాన్ని నరికే కూలి దగ్గర ఉందని ఆ రోజు నాకు తట్టింది. నీడకు పద్దు లేదు. ఆ పద్దు లేని అంచనాను కౌన్సిల్ ముందు పెట్టాం. కౌన్సిల్ ఆమోదించింది. ఆ బల్ల దగ్గర ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. నాలుగోది రోడ్లు, వంతెనలు. ఎనిమిదోది పట్టణ వనాలు, పర్యావరణ పరిరక్షణ. రెండూ ఒకే జాబితాలో, ఒకే సంస్థ పేరు మీద ఉన్నాయి. మా కార్యాలయాల్లో మాత్రం నాలుగో అంశం ఇంజనీరింగ్ విభాగానికి వెళ్తుంది, ఎనిమిదో అంశం ఉద్యాన విభాగానికి వెళ్తుంది. మొదటి వాళ్లు నరికిన తరువాత మొక్కలు నాటడం రెండో వాళ్ల పనిగా మిగిలింది. ఈ రోజు నేను అడగదలచుకున్నది ఒక్కటే. కూడలి పనికి తీర్మానం చేసే బల్ల మీదే, అదే రోజు, ఆ పని వల్ల చెట్టుకూ నీటికీ గాలికీ నిద్రకూ ఏమవుతుందో తేలాలి.

మన హైదరాబాద్‌లోనే చూద్దాం. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం, మనం కేబీఆర్ పార్కు అని పిలుచుకునేది, నగరం నడిబొడ్డున దాదాపు 390 ఎకరాల అడవి. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దాని చుట్టూ రోడ్డు, ఆ రోడ్డు మీద జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, రోడ్ నంబరు 45, ఫిల్మ్‌నగర్, అగ్రసేన్, క్యాన్సర్ ఆసుపత్రి, పార్కు ముఖద్వారం కూడళ్లు ఉన్నాయి. పొద్దున ఏడు గంటలకు గోడకు ఇటు హారన్లు, అటు నెమళ్ల కూతలు ఒకేసారి వినిపించే చోటు అది.

ఎస్‌ఆర్‌డీపీ అనే వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి ప్రణాళికలో భాగంగా ఈ కూడళ్ల మీద ఫ్లైఓవర్లు కట్టాలని దాదాపు పదేళ్ల కిందట నిర్ణయించారు. వేల చెట్లు పోతాయని తెలిసి 2016లో జనం పార్కు చుట్టూ మానవహారం కట్టారు. పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెట్ల నరికివేతను నిలిపివేసింది. ఆ తరువాత గొడవంతా పర్యావరణ సున్నిత మండలం చుట్టూ తిరిగింది. రక్షిత వనం గోడకు బయట ఎంత దూరం వరకు నిర్మాణాలకు ఆంక్షలు ఉండాలో చెప్పే మండలం అది. ముసాయిదాలో 25 నుంచి 35 మీటర్లు అన్నారు. 2020 అక్టోబరులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అది 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల వరకు అయింది. మూడు మీటర్లంటే ఈ గదిలో ఆ గోడ నుంచి మొదటి కుర్చీల వరుస దాకా. జాతీయ ఉద్యానానికి కొన్ని చోట్ల మిగిలిన కవచం అంత. రోడ్డు అవసరాన్ని బట్టి అడవి అంచును గీయడం నాకు సమ్మతం కాదు. అడవి అవసరాన్ని ముందు తేల్చి, మిగిలిన చోట రోడ్డు గీయాలి.

2024లో నగర మౌలిక వసతుల కోసం తెచ్చిన హెచ్-సిటీ పథకం కింద మళ్లీ అవే ఆరు కూడళ్లకు ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు మంజూరయ్యాయి. అప్పటి విలువ 826 కోట్ల రూపాయలు. అవసరం లేదని నేను అనను. సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర అంబులెన్సు ఇరుక్కోవడం చూసిన ఎవరూ అలా అనలేరు. నా ఆవేదన వరుస గురించి. పరిపాలనా అనుమతి రాష్ట్ర ప్రభుత్వం నుంచి వస్తుంది. కార్పొరేషన్ స్థాయీ సంఘం ముందుకు రోడ్డు విస్తరణ ప్రణాళిక, ఆస్తుల సేకరణ వస్తాయి. తరువాత టెండరు. చెట్టు కొట్టడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద, అదే మనం వాల్టా అనే చట్టం కింద, అనుమతి తీసుకోవాలి. నేను పనిచేసిన చోట్ల ఆ దరఖాస్తు అన్నిటికన్నా చివర వెళ్లేది. అప్పటికి స్తంభాల స్థానాలు ఖరారై, గుత్తేదారు యంత్రాలు దింపి ఉండేవాడు. ఆ దశలో అటవీ అధికారి ‘వద్దు’ అనగలడా? ఎన్ని కొట్టాలి, ఎన్ని మరోచోటికి తరలించాలి, బదులు ఎన్ని నాటాలి అన్నంత వరకే మాట సాగుతుంది. స్తంభాన్ని నాలుగు మీటర్లు జరపవచ్చా అన్న ప్రశ్నకు కాలం దాటిపోయి ఉంటుంది.

‘కేంద్ర పర్యావరణ అనుమతి ఉంటుంది కదా’ అని కాలనీ సమావేశాల్లో నన్ను తరచూ అడుగుతారు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో రహదారులంటే ప్రధానంగా జాతీయ, రాష్ట్ర రహదారులే. నగరం లోపలి చౌరస్తా ఆ పట్టికలో పేరు పెట్టి లేదు. ఢిల్లీలో యమున మీద సిగ్నేచర్ వంతెన వివాదంలో హరిత ట్రైబ్యునల్ 2015లో, వంతెన కూడా నిర్మాణ ప్రాజెక్టే, నిర్ణీత వైశాల్యం దాటితే అనుమతి కావాలని చెప్పింది. కానీ ఒక్కొక్క కూడలినీ ఒక్కొక్క పనిగా చూపిస్తే వైశాల్యం ఎన్నడూ ఆ గీత దాటదు. అడవి మాత్రం ఆరు కూడళ్ల ధూళినీ కలిపే పీలుస్తుంది. కేంద్ర చట్టం అడగని చోట స్థానిక సంస్థ అడగాలి. అడగకూడదని ఏ చట్టమూ చెప్పలేదు.

ఆలస్యంగా అడిగితే ఏమవుతుందో చేవెళ్ల రోడ్డు చెబుతుంది. నగర శివారులోని అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా సుమారు తొమ్మిది వందల మర్రిచెట్లు. విస్తరణ ప్రకటించాక ఆ చెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు పోరాడారు, విషయం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది, ఏళ్లు గడిచాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని సుమారు ఇరవై మంది చనిపోయారు. ఆ మరణాలకు చెట్లను గానీ, చెట్ల కోసం నిలబడిన వాళ్లను గానీ నిందించడం అన్యాయం. మొదటి సర్వే రోజునే మర్రిచెట్లను పటం మీద గుర్తించి, పాత రోడ్డును ఒక దిశకు ఉంచి, రెండో దిశకు చెట్ల అవతల కొత్త రోడ్డు వేస్తే ఎలా ఉంటుందని తేల్చుకుని ఉంటే, చెట్టూ మనిషీ ఎదురెదురుగా నిలబడవలసిన అవసరం రాకపోయేది. ఆ ఆలోచనకు ఒక వారం సర్వే పని చాలు. విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి.

పశ్చిమ బెంగాల్‌లో జెస్సోర్ రోడ్డు కథ కూడా అలాంటిదే. రైలు గేట్ల మీద ఐదు వంతెనల కోసం 356 పాత చెట్లు కొట్టాలన్నారు. సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘం చెట్టు విలువకు ఒక లెక్క ఇచ్చింది: వయసు ఎన్నేళ్లయితే అన్ని 74,500 రూపాయలు. నా ఉద్యోగ జీవితంలో చెట్టుకు నరికే కూలి కాకుండా మరో అంకె నేను చూసింది అప్పుడే. చివరకు 2023లో కోర్టు నరకడానికి అనుమతి ఇచ్చింది. అయినా ఆ లెక్క అక్కరకు రాకుండా పోలేదు. నలభై ఏళ్ల పదకొండు నిద్రగన్నేరు చెట్లకు దాన్ని వేసి చూశాను. మూడు కోట్ల ఇరవై ఏడు లక్షల ఎనభై వేలు. ఆ చౌరస్తా పని మొత్తం అంచనా అందులో పావు వంతు కూడా లేదు.

ఇక కొలమానం. కూడలి బాగుపడిందని మనం దేన్ని చూసి అంటాం? సిగ్నల్ దగ్గర బండి ఎన్ని సెకన్లు ఆగిందో చూసి అంటాం. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లో కూడా, అన్ని వైపుల నుంచీ కలిపి గంటకు 10,000 పీసీయూలు దాటితే ఫ్లైఓవర్‌తోనో అండర్‌పాసుతోనో ఎత్తు వేరుచేసిన కూడలిని ఆలోచించవచ్చన్న గీత ఉంది. పీసీయూ అంటే కారును ఒకటిగా పెట్టుకుని బండ్లను లెక్కించే కొలత. అందులో నడిచే మనిషికి అంకె లేదు. నలభై మందిని మోసే బస్సు మూడు కార్లతో సమానం అంతే. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం మాత్రం వాహనాలను కాదు, మనుషులను చేరవేయడం ముఖ్యమని స్పష్టంగా చెప్పింది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ కొలమానం ఎంత దూరం తీసుకెళ్లిందో వినండి. అక్కడ రాష్ట్ర పర్యావరణ చట్టం కింద మినహాయింపులు పోను, నగరం పనులు ఆమోదించే ముందు ప్రభావ పరిశీలన కావాలి. కానీ కూడలిలో కార్ల ఆలస్యాన్నే చాలాకాలం పర్యావరణ నష్టంగా లెక్కించారు. ఆ లెక్కలో సైకిల్ దారి వేస్తే పర్యావరణానికి హాని, రోడ్డు వెడల్పు చేస్తే మేలు! శాన్‌ఫ్రాన్సిస్కో సైకిల్ ప్రణాళికను సరైన పరిశీలన లేదంటూ 2006లో కోర్టు ఆపింది. 2010 దాకా ఆ నిలుపుదల కొనసాగింది. 2013లో చట్టం మార్చారు. 2020 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా ఆలస్యానికి బదులు, ఆ పని వల్ల బండ్లు మొత్తం ఎన్ని మైళ్లు ఎక్కువ తిరుగుతాయో చూస్తున్నారు. చట్టం ఉంటే చాలదు, అది దేన్ని కొలుస్తుందో కూడా చూడాలని నేను అక్కడి నుంచే నేర్చుకున్నాను.

మన దగ్గర 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు తీగల వంతెన, రోడ్ నంబరు 45 ఎలివేటెడ్ మార్గం తెరిచారు. అందమైన నిర్మాణం, నేనూ చూడటానికి వెళ్లాను. మాదాపూర్ నుంచి బండ్లు వేగంగా వచ్చి చెక్‌పోస్టు దగ్గర పోగవుతున్నాయి. ఇప్పుడు చెక్‌పోస్టుకు వంతెన కావాలి. దాని తరువాత ఏ కూడలికి కావాలో ముందే లెక్క వేసి కౌన్సిల్ ముందు పెట్టాలి కదా.

చిన్న మార్గాలు కూడా బల్ల మీదికి రావాలి. నాలుగు రోడ్ల మామూలు కూడలిలో బండ్ల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32. ఒకే వరుస ఉన్న గుండ్రటి కూడలిలో 8. ప్రతిచోటా అది కుదరదు, చెక్‌పోస్టులో అసలే కుదరదు. కాలనీ చౌరస్తాల్లో చాలాచోట్ల కుదురుతుంది. ఫ్రీ లెఫ్ట్ కోసం, అంటే బండ్లు సిగ్నల్ దగ్గర ఆగకుండా ఎడమకు తిరగడం కోసం, మూలను చెక్కేసినప్పుడల్లా ముసలివాళ్లు దాటవలసిన దూరం పెరుగుతుంది, మూలన ఉన్న చెట్టు పోతుంది. దానివల్ల ఆదా అయ్యేది కొన్ని సెకన్లు.

శబ్దం సంగతి ఒక్క మాట. 2000 నాటి నిబంధనల ప్రకారం ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ రాత్రిపూట పరిమితి 40 డెసిబెల్స్. ఆరు కూడళ్లలో ఒకటి క్యాన్సర్ ఆసుపత్రి పేరు మీదే ఉంది. వంతెన ఎక్కిన శబ్దం నాలుగో అంతస్తు కిటికీకి సూటిగా తగులుతుంది. నీటి సంగతి ఇంకా పెద్దది. మన కొండరాయి కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నీటిని తొందరగా ఇంకనివ్వదు. దాన్ని తొలిచి అండర్‌పాస్ వేస్తే, నగరాన్ని ముంచెత్తిన 2020 అక్టోబరు వాన లాంటిది కురిసిన రాత్రి ఆ నీళ్లు ఏ నాలాలోకి వెళ్తాయో డీపీఆర్‌లోనే, అంటే పని సవివర నివేదికలోనే, కనిపించాలి.

కాబట్టి మీ వార్డులో కూడలి పని అన్న మాట వినగానే, మార్కింగ్ గీతలు పడక ముందే, మూడు కాగితాలు అడగండి. ప్రతి చెట్టుకూ అంకె వేసి, జాతి, చుట్టుకొలత రాసిన పటం ఒకటి. పరిశీలించి వదిలేసిన ప్రత్యామ్నాయాలు, వదిలేసిన కారణాలు రాసిన కాగితం రెండోది. వాన నీటి దారి చూపే కాగితం మూడోది. ఈ మూడూ ఎజెండాకు జత అయితేనే తీర్మానం చేయమని మీ కార్పొరేటరును, కౌన్సిలరును అడగండి. ఆ మూడూ తయారు చేయడం ఇంజనీరుకు భారం కాదు. నా మాట నమ్మండి, అడిగేవాళ్లు ఉంటే మేం సంతోషంగా చేసేవాళ్లం.

కేబీఆర్ చుట్టూ ఉన్న ఆరు కూడళ్ల పటం నేను చేత్తో గీసి తెచ్చాను. తలుపు పక్క బల్ల మీద పరిచి ఉంది. ముఖద్వారం నుంచి చెక్‌పోస్టు దాకా కాలిబాట మీద నడుస్తూ గుర్తించిన చెట్లకు ఆకుపచ్చ చుక్కలు పెట్టాను. మిగిలిన నాలుగు వైపులు ఖాళీగా ఉన్నాయి. పెన్సిళ్లు అక్కడే ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు ముఖద్వారం దగ్గర ఉంటాను. రాగలిగిన వాళ్లు ఒక కొలత టేపు తెచ్చుకోండి.