కుబుంటు, జుబుంటు, లుబుంటు: ఏది పెట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. కంప్యూటర్‌లో ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవాలని నిర్ణయించుకున్నవారికి, ఉబుంటుతో పాటు దాని పేరునే పంచుకునే అరడజనుకు పైగా ఫ్లేవర్లు, అంటే దాని వేర్వేరు రూపాలు, ఎదురవుతాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్న కుబుంటు, జుబుంటు, లుబుంటులను 24.04 విడుదల ఆధారంగా ఈ వీడియోలో పోల్చి చూద్దాం.

వీటిలో ఏది తేలిక, ఏది వేగం అని చాలామంది అడుగుతారు. దానికన్నా ముందు తేల్చుకోవలసింది, ఎంచుకున్నదాన్ని ఎవరు నడుపుతున్నారు, ఎన్నాళ్ళు చూసుకుంటారు అన్నది. మూడింటికీ కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) ఒకటే, ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్, వచ్చే రిపాజిటరీలు (భాండాగారాలు) ఒకటే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కూడా మూడింటిలోనూ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలోనే వస్తుంది. తేడా అంతా పైన కనిపించే డెస్క్‌టాప్‌లోనూ (కిటికీలు, మెనూలు, సెట్టింగ్స్), దాన్ని సిద్ధం చేసే బృందంలోనూ ఉంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04కు దాన్ని తయారుచేసే కనోనికల్ సంస్థ ఐదేళ్ళ మద్దతు ప్రకటించగా, ఈ ఫ్లేవర్లకు వాటి బృందాలు ఇచ్చే హామీ మూడేళ్ళే, అంటే 2027 ఏప్రిల్ వరకే. ఒకసారి ఇన్‌స్టాల్ చేసి ఐదేళ్ళపాటు ముట్టుకోకూడదనుకునేవారికి ఈ ఒక్క విషయమే నిర్ణయాన్ని మార్చేస్తుంది.

ఈ బృందాలు చాలావరకు స్వచ్ఛందంగా పనిచేసేవి కనుక వాటి ఆయుష్షు కూడా చూసుకోవాలి. ఇలాంటి మరో ఫ్లేవర్ మిత్‌బుంటు 2016లో ఆగిపోయింది. ఎడ్యుబుంటు 14.04 విడుదల తరువాత నిలిచిపోయి, మళ్ళీ 2023లో గానీ తిరిగి రాలేదు. 2012లో కనోనికల్ డబ్బు సాయం ఆపేసినా కుబుంటు మాత్రం నిలదొక్కుకుంది. 2005 నుంచి కొనసాగుతున్న ఆ పనిని నేను ఎంతో గౌరవిస్తాను.

ఇప్పుడు తెరమీదికి వద్దాం. ముందుగా జుబుంటు. ఇందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 అనే డెస్క్‌టాప్ ఉంది. ప్యానెల్, మెనూ, కిటికీలు అన్నీ ఏళ్ళ తరబడి అలవాటైన చోటే ఉంటాయి, ఒక అప్‌డేట్ వచ్చి వాటిని తారుమారు చేయదు. అయితే ఎక్కువ రిజల్యూషన్ ఉన్న చిన్న తెరపై అక్షరాలు సన్నగా కనిపించినప్పుడు దీని పరిమితి బయటపడుతుంది. అప్పియరెన్స్ సెట్టింగ్స్‌లో కిటికీల స్కేలింగ్‌కు ఒకటింతలు, రెండింతలు మాత్రమే ఉన్నాయి. మధ్యస్థంగా కావాలంటే, ఇదిగో, ఫాంట్స్ ట్యాబ్‌లో డీపీఐని (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్కను) 96 నుంచి 120కి మార్చాలి. అక్షరాలు పెరిగాయి గానీ బొమ్మలు, కిటికీ అంచులు అదే నిష్పత్తిలో పెరగలేదు. ఆ అంచులు మౌస్‌కు అందనంత సన్నగా ఉంటాయి కనుక, ఆల్ట్ మీట నొక్కిపట్టి మౌస్ కుడి బటన్‌తో లాగడం అలవాటు చేసుకుంటే కిటికీ పరిమాణం మార్చడం సుళువవుతుంది.

అదే తెరపై కుబుంటులో సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి 125 శాతం ఎంచుకుని, లాగౌట్ చేసి తిరిగి లాగిన్ అయితే అక్షరాలూ బొమ్మలూ కలిసి పెరుగుతాయి. ఇందులో ఉన్న డెస్క్‌టాప్ ప్లాస్మా 5.27, మామూలుగా ఎక్స్11 అనే పాత ప్రదర్శన వ్యవస్థ సెషన్‌లో నడుస్తుంది కనుక, ల్యాప్‌టాప్ తెరకు ఒక శాతం, పక్కనున్న మానిటర్‌కు మరో శాతం పెట్టుకోవడం కుదరదు. సెట్టింగ్స్ విస్తారంగా ఉండటం కొత్తవారిని మొదట్లో తికమక పెడుతుంది. అయినా పైనున్న వెతుకు పెట్టెలో కావలసిన పదం టైప్ చేస్తే సరైన చోటికి చేరుతాం. నాకు ప్లాస్మాలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

లుబుంటు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్, దాని కింద కిటికీలను నడిపే ఓపెన్‌బాక్స్, రెండింటికీ వేర్వేరు సెట్టింగ్స్. మూడింటిలో తేలికైనది ఇదే, ర్యామ్ తక్కువున్న యంత్రంలో ఆ తేడా తెలుస్తుంది కూడా. కాకపోతే బ్రౌజర్‌లో ఐదారు ట్యాబ్‌లు తెరిచాక డెస్క్‌టాప్ మిగిల్చిన ర్యామ్‌ను ఆ పేజీలే మింగేస్తాయి. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న యంత్రానికి ఇప్పటి లుబుంటు అసలు పనికిరాదు.

మూడూ చూద్దామని ఒకదానిపై మరొక డెస్క్‌టాప్‌ను ఇన్‌స్టాల్ చేయకండి. జుబుంటుపై కుబుంటు డెస్క్‌టాప్ ప్యాకేజీ వేస్తే లాగిన్ తెరను చూపే ప్రోగ్రామ్‌గా లైట్‌డీఎం కావాలా, ఎస్‌డీడీఎం కావాలా అని మధ్యలో ఆగి అడుగుతుంది. ఆ తరువాత మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు టెర్మినళ్ళు చేరతాయి, తీసివేయడం పెద్ద పనవుతుంది. దానికి బదులు ఒక్కొక్కదాన్ని పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ సెషన్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి, మీ వైఫై, శబ్దం, రెండో తెర పనిచేస్తున్నాయేమో, మూత మూసి తెరిస్తే యంత్రం సరిగ్గా మేల్కొంటోందో లేదో చూడండి.

ఎనిమిది జీబీ, ఆపైన ర్యామ్ ఉన్నవారికి నేను కుబుంటునే సిఫారసు చేస్తాను. మామూలు రిజల్యూషన్ తెర ఉండి, ఏ మార్పూ అక్కర్లేదనుకునేవారికి జుబుంటు నప్పుతుంది. నాలుగు జీబీ దాటని 64 బిట్ యంత్రానికి లుబుంటు వేయండి. ఏది వేసినా 2027 ఏప్రిల్ లోపు తరువాతి దీర్ఘకాలిక మద్దతు విడుదలకు మారవలసి ఉంటుంది కనుక, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మీ ఫైళ్ళుండే హోమ్ ఫోల్డర్‌ను వేరే పార్టిషన్‌లో (డిస్క్‌లో విడి భాగంలో) పెట్టుకోండి.