బడికి స్థలం ఎంచేటప్పుడు ఏది ముందు చూడాలి

సభకు నమస్కారం.

పంచాయతీ వార్డు సభ్యులూ, పాఠశాల నిర్వహణ కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులూ ఎక్కువగా వచ్చిన ఈ పర్లాకిమిడి సభలో నేను ఒక్క విషయం గురించే మాట్లాడదలచుకున్నాను. కొత్త బడికి గాని, హాస్టలుకు గాని స్థలం నిర్ణయించే వేళ ఒడిశాలోని మన గజపతి జిల్లాలో ముందుగా వినిపించే ప్రశ్న ‘ప్రభుత్వ భూమి ఎక్కడ ఖాళీగా ఉంది?’ అన్నదే. తహసీల్దారు కార్యాలయంలో తగాదా లేని ప్లాటు నంబరు ఒకటి దొరికితే అమీను కొలతలు వేస్తాడు, అంచనాలు తయారవుతాయి, శంకుస్థాపన జరిగిపోతుంది. పిల్లలు ఏ పల్లె నుంచి, ఏ గెడ్డ (వాగు) దాటి, ఏ దారిన వస్తారన్నది మొదటి వానాకాలం వచ్చేదాకా ఎవరికీ పట్టదు. ఈ వరస తిరగబడాలని నా అభిప్రాయం.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, పిల్లలకు అందుబాటులో బడి ఉండేలా చూడవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వంతో పాటు స్థానిక సంస్థల మీద కూడా ఉంది. ఐదో తరగతి వరకు కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల నడక దూరంలో బడి ఉండాలని కేంద్ర నియమాలు చెబుతున్నాయి. ఈ రెండు అంకెలూ చాలామందికి తెలుసు. వాటి కిందనే ఉన్న మరో నియమాన్ని మాత్రం సమావేశాల్లో చదివేవారు అరుదు. కొండచరియలు విరిగిపడే చోట, వరద వచ్చే చోట, దారి సరిగా లేని చోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించి, చిన్న పిల్లలకు రాకపోకల్లో అపాయం లేకుండా బడిని నెలకొల్పాలన్నది దాని సారాంశం. మహేంద్రగిరి వాలుల మీద, వంశధార ఒడ్డున కాశీనగర్ పల్లెల్లో బతికే మనకు అసలు నియమం ఇదే అనిపిస్తుంది. మ్యాపు మీద ముప్పావు కిలోమీటరు ఉన్న దారి, మధ్యలో గెడ్డ పొంగితే, రెండు రోజుల పాటు దారే కాకుండా పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లాలోని బారాఘరలో కొండచరియ విరిగిపడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. తుఫాను నాడు మనుషులు తలదాచుకోవడానికి పరుగెత్తేది కూడా తరచుగా బడి భవనానికే కనుక, వాలు కింద ఉన్న భూమి ఎంత ఉచితంగా దొరికినా దాన్ని వద్దనే ధైర్యం పంచాయతీకి ఉండాలి.

ఆ అధికారం మనకెక్కడుందని మీలో కొందరు అడగవచ్చు. మన జిల్లాలో ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతాలు (ఇక్కడ నేనంటున్నది మన రాయగడ బ్లాకు, పక్కనున్న రాయగడ జిల్లా కాదు, కాగితాల మీద ఈ తికమక బాగానే జరుగుతుంది). అలాంటి చోట భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ‘అది అటవీ భూమి, కుదరదు’ అన్న జవాబు కూడా ప్రతిసారీ చివరి మాట కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షను, హెక్టారు కన్నా తక్కువ విస్తీర్ణంలో, హెక్టారుకు 75కు మించి చెట్లు కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద ప్రజోపయోగ నిర్మాణాలకు అటవీ భూమిని ఇవ్వడానికి వీలు కల్పించింది. ఆ జాబితాలో మొట్టమొదట ఉన్నవి బడులే. కాబట్టి పల్లీసభలో, అంటే ఒడిశాలో పల్లె స్థాయిలో జరిగే గ్రామస్థుల సభలో, తీర్మానం పెట్టించడం లాంఛనమని అనుకోకండి. సర్పంచి ఇంటి అరుగు మీద రాసి సంతకాలకు తిప్పిన తీర్మానానికీ, జనం కూర్చొని రెండు మూడు స్థలాలను పోల్చి చేసిన తీర్మానానికీ తేడా పై అధికారులకు తెలియకపోదు.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకంగా పట్టవలసిన సంగతి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించే బాధ్యతను రాష్ట్రంతో పాటు రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థకూ అప్పగించింది. ఆచరణలో దీనికి కొలబద్ద 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్క: తరగతిలో 10 మంది గాని, బడి మొత్తం మీద 40 మంది గాని ఆ భాష పిల్లలు ఉండాలి. దగ్గర దగ్గరగా ఉన్న మూడు పల్లెల్లో వరసగా 14, 15, 13 మంది తెలుగు పిల్లలు, ఏ తరగతిలోనూ పదిమంది లేకుండా, ప్రాథమిక తరగతుల్లో ఉన్నారనుకుందాం. మూడు చోట్లా మూడు చిన్న బడులు పెడితే ఏ బడిలోనూ తెలుగు పంతులును అడిగే అర్హత రాదు. మూడు పల్లెలకూ కిలోమీటరు లోపున ఉండే ఒక చోట బడి కడితే అదే పిల్లలు 42 మంది అవుతారు. భాష గురించి ఒక్క మాట మాట్లాడకుండానే, స్థలం ఎంపికతోనే భాషా మాధ్యమం నిర్ణయమైపోయిందన్నమాట. పిల్లలు తక్కువగా ఉన్నారన్న పేరుతో బడులను విలీనం చేయడం కూడా ఇలాంటి స్థల నిర్ణయమే. ఏ బడిని ఏ బడిలో కలిపారన్నదాన్ని బట్టి తెలుగు తరగతి నిలబడుతుంది, లేదా పోతుంది. దాన్ని పరిపాలనా సర్దుబాటు అని పిలిచి మనమే చర్చ బయట ఉంచుతున్నాం.

ఇదే వాదం సవర గిరిజనుల పిల్లల విషయంలోనూ వర్తిస్తుంది. మనకు దక్కాలని అడిగేది వారికి అక్కర్లేదనడం న్యాయం కాదు. ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకొని, సవరల కోసం బడులు పెట్టించిన గిడుగు రామమూర్తి పంతులు గారి ఊరివాళ్లమని చెప్పుకునే మనకు ఆ మాట అసలే తగదు.

ఈ లెక్కలు ఎప్పుడు తీయాలన్నది చివరి అంశం. బడి తెరిచాక ప్రవేశాల రిజిస్టరు చూసి ‘సంఖ్య సరిపోలేదు’ అనడం సులువు. అలా జరగకూడదనే భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో, తల్లిదండ్రుల భాషా ఎంపికను ముందుగానే నమోదు చేయడం, సంఖ్య చాలని చోట పిల్లలను బడుల మధ్య సర్దుబాటు చేయడం అనే రెండు ఏర్పాట్లు చేర్చారు. ఆ నమోదును స్థలం ఖరారయ్యేలోగా, ఇల్లిల్లూ తిరిగి, పల్లెవారీగా పూర్తి చేసి, పల్లీసభ తీర్మానానికి జతచేసి, ఒక ప్రతి బ్లాకు విద్యాధికారికీ, ఒక ప్రతి తహసీల్దారుకూ ఇచ్చి రసీదు తీసుకోండి.