అరబీ, హీబ్రూ కలిపి చదవడం ఎందుకు?

[తెరపై: గుంటూరు కలెక్టరేట్ ఆవరణ. అర్జీలు పట్టుకొని వరుసలో నిలబడిన జనం.]

నమస్కారం. గుంటూరు కలెక్టరేటుకు అర్జీ దాఖలు చేయడానికి వచ్చిన రైతు, పథకం తన ఊళ్లో ఇంకా అమలు కాలేదనీ, తన సొమ్ము మంజూరు కాలేదనీ చెప్పుకుంటున్నప్పుడు, ఆయన వాడిన అర్జీ, దాఖలు, అమలు, మంజూరు అనే మాటలన్నీ అరబీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మన పాలనా భాషలోకి వచ్చి స్థిరపడినవే. ఆయన పంటకాలాలకు వాడే ఖరీఫ్, రబీ కూడా అంతే; అరబీలో ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. ఇదే జిల్లాలో ఆదివారం ప్రార్థనలో వినిపించే ఆమెన్, హల్లెలూయ హీబ్రూ మాటలు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనే ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదుల సినగాగు, అంటే ప్రార్థనా మందిరం, 1991 నుంచి ఉంది.

ఈ రెండు భాషలూ సెమిటిక్ కుటుంబానికి చెందినవి. విశ్వవిద్యాలయంలో వీటిలో ఒకదాన్ని ఎంచుకున్నవారు రెండోదాన్ని కూడా చదవాలని నేను గట్టిగా కోరుతున్నాను. ముస్లింలకు అరబీ, క్రైస్తవులకు హీబ్రూ అని పంచిపెట్టే అలవాటు చదువుకు మేలు చేయదు.

[తెరపై: అమలు, మామూలు. నజరు, మంజూరు.]

ఈ జంటలను గమనించండి. అరబీలో మాటకు మూలం సాధారణంగా మూడు హల్లులు. ఐన్, మీమ్, లామ్ అనే హల్లులలో పని చేయడమనే అర్థం ఉంది. వాటి నుంచే మన అమలు, మామూలు రెండూ పుట్టాయి. నజరు అంటే చూపు. మంజూరు అంటే, మూలార్థంలో, చూసినది. మామూలు, మంజూరు ఒకే మూసలో పోసిన మాటలు: ముందు మకారం, చివరి హల్లుకు ముందు ఊకారం. ఆ మూసలోనే క, త, బ అనే హల్లులను పోస్తే మక్తూబ్, అంటే రాసినది, వస్తుంది. హీబ్రూలో రాసినదాన్ని కతూవ్ అంటారు. మకారం లేదు గానీ ఊకారం అక్కడే ఉంది. అరబీ సలామ్ హీబ్రూలో షాలోమ్, లిసాన్ అనే నాలుక లాషోన్. బేత్లెహేము అనే పేరు మరీ ఆసక్తికరమైనది: హీబ్రూలో రొట్టెల ఇల్లు, అరబీలో మాంసపు ఇల్లు. ఒకే మూలం, వేర్వేరు తిండి.

విజయవాడలో ఇంటర్‌లో మార్కుల కోసమే సంస్కృతం తీసుకున్నవారు కూడా ఇక్కడ కొంత ముందుంటారు. ధాతువు అనే భావన వారికి కొత్త కాదు, ద్వివచనమూ కొత్త కాదు: అరబీలో కితాబ్ ఒక పుస్తకం, కితాబాన్ రెండు పుస్తకాలు, కుతుబ్ అనేకం, హీబ్రూలో యద్ చేయి, యదాయిమ్ రెండు చేతులు. అసలు కష్టం చదవడంలో ఉంది. గుణింతం లేకుండా అక్షరాన్ని ఊహించలేని మనకు, కుడి నుంచి ఎడమకు సాగుతూ హ్రస్వాచ్చులను రాయకుండా వదిలేసే పుట మొదట గోడలా కనిపిస్తుంది. ఏ అచ్చు పలకాలో వ్యాకరణం తెలిస్తేనే తెలుస్తుంది.

పుస్తకాల అరబీని ఫుస్‌హా అంటారు. ఇళ్లలో మాట్లాడేది కైరోలో ఒకటి, బాగ్దాదులో మరొకటి. గ్రాంథిక, వ్యావహారిక వాదాల చరిత్ర తెలిసిన మనకు ఇది త్వరగా అర్థమవుతుంది.

[తెరపై: కోర్డోబా నగరం పటం.]

హీబ్రూ క్రియలన్నిటికీ మూడు హల్లుల మూలం ఉందని నిరూపించినవాడు, పదో శతాబ్దపు చివరలో స్పెయిన్‌లోని కోర్డోబాలో పనిచేసిన యూదా హయ్యూజ్. అరబీ వ్యాకరణవేత్తల పద్ధతిని అనుసరించి, తన గ్రంథాలను అరబీలోనే రాశాడు. తెలుగుకు కొన్ని పాత వ్యాకరణాలను సంస్కృతంలో రాసినట్టే.

అరబీకి మనకు దగ్గర్లో హైదరాబాదులోని ఉస్మానియా, ఇఫ్లూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాలలో శాఖలున్నాయి. హీబ్రూను మన దేశంలో ఎక్కువగా థియాలజీ కళాశాలల్లో, బైబిలు చదువు కోసం నేర్పుతారు. ఆధునిక హీబ్రూకు అవకాశాలు తక్కువ కావడం నిజంగా బాధాకరం. కేంబ్రిడ్జ్ వంటి చోట రెండింటినీ కలిపి చదువుతూ, ఒక ఏడాది వాటిలో ఒక భాష మాట్లాడే దేశంలో గడుపుతారు.

ఆ కేంబ్రిడ్జ్ గ్రంథాలయంలోనే, కైరోలోని ఒక పాత సినగాగు నుంచి 19వ శతాబ్దపు చివరలో తెచ్చిన లక్షకు పైగా రాతప్రతుల తునకలు ఉన్నాయి. వాటిలో అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుడికి చెందిన కాగితాలు కొన్ని. అతడు 12వ శతాబ్దంలో చాలా ఏళ్లు మంగళూరులో ఉండి, కంచు పనిశాల నడిపి, మిరియాలు, వక్కలు, ఇనుము పడమటికి ఎగుమతి చేశాడు. ఆ లేఖల భాష అరబీ, లిపి హీబ్రూ. ఒక్క భాషతో సరిపెట్టుకున్న విద్యార్థి వాటిని చదవలేడు.

తరువాతి వీడియోలో అరబీ 28 అక్షరాలలో సగాన్ని, సాటి హీబ్రూ అక్షరాల పక్కన పెట్టి నేర్చుకుందాం. ఒక కొత్త నోటు పుస్తకం తీసుకొని, వెనక అట్ట వైపు నుంచి తెరిచి పెట్టుకోండి.